పాలు చేదంటే ఎవరూ నమ్మలేదు

మా అత్తమ్మ తాగే పాలలో నేను నిద్రమాత్రలు కలిపాను. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, నెలల తరబడి కలిపాను. ఆమెకు మతి చెడిందని చుట్టాలూ ఇరుగుపొరుగూ అనుకుంటుంటే నేను కూడా తల ఊపాను.

రాసేశాను. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను తెలిసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. గోదావరిఖనిలో మా కాలనీకి వచ్చి అడగండి, అత్తను కన్నతల్లిలా చూసుకున్న కోడలని చెప్తారు. ఆ మాట నాకు చెందదని నాకు తెలుసు. అయినా ఎప్పుడూ కాదనలేదు. ఎందుకు కాదనలేదు? భయమా, సిగ్గా? లేక ఆ పేరు నాకు నచ్చిందా? నచ్చే ఉంటుంది. ఇవాళ అది కూడా దాచను.

ముందు నా సంగతి చెప్పాలి. ఆ మాత్రలు మొదట నావే.

మా ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు. వారానికో షిఫ్టు. ఒక వారం తెల్లారకముందే డ్యూటీకి పోవాలి, నేను లేచి టిఫిన్ కట్టాలి. ఇంకో వారం ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, అన్నం వేడి చేయాలి. మరో వారం రాత్రంతా భూమి కింద ఉండి పగలు పడుకుంటాడు, పాపను గట్టిగా మాట్లాడనివ్వకుండా నేను కాపలా కాయాలి. ఆయన ఒళ్లు ఆ తిరుగుడుకు అలవాటు పడింది. నాది పడలేదు. పెళ్లయిన కొన్నేళ్లకే నిద్ర నన్ను వదిలేసింది. ఆయన బాయిలోకి దిగిన రాత్రుళ్లు మరీను. కళ్లు మూసుకుంటే చాలు, ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉండేది.

డాక్టరు దగ్గరికి పోయాను. పది రోజులకు మాత్రలు రాసి, అయిపోయాక మళ్లీ రమ్మన్నాడు. వీటికి అలవాటు పడొద్దని కూడా చెప్పాడు. నేను మళ్లీ పోలేదు. పోవాల్సిన అవసరం ఏముంది? నేను పనిచేసేది మందుల దుకాణంలోనే. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు కౌంటర్లో నిలబడేదాన్ని. ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వకూడని మాత్రలవి, ఆ సంగతి ఇతరులకు చెప్పేదాన్ని నేనే. నాకు నేను మాత్రం ఇచ్చుకున్నాను. మొదట సగం, తర్వాత ఒకటి. కొన్నాళ్లకు ఒకటి కూడా చాలలేదు.

ఒకసారి పాపకు రాత్రి జ్వరం వచ్చింది. పొద్దున లేచి చూస్తే మంచం పక్కన నేల మీద పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఎంత లేపినా లేవలేదమ్మా నువ్వు, అంది. కోపంగా కాదు, మామూలుగా చెప్పింది. అప్పుడది రెండో తరగతి. దాన్ని ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టాను. ఇక ఆ మాత్రలు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. రెండు రాత్రులు మానేశాను. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, దుప్పటి కప్పుకుంటే చెమట, తీస్తే చలి. మూడో రాత్రి మళ్లీ వేసుకున్నాను. ఇది లేకుండా నేను బతకలేనన్నమాట, అనుకున్నాను. ఆ అవస్థ తెచ్చిపెట్టిందే ఆ మాత్ర అని అప్పుడు ఆలోచించలేదు. రోజంతా మందుల మధ్య కూర్చునేదాన్ని నేను. ఎందుకు ఆలోచించలేదు?

ఇక అత్తమ్మ.

ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన శ్రీరాంపూర్‌లో, చిన్నవాడు మా ఆయన. ఏడాది అక్కడ, ఏడాది ఇక్కడ ఉండేది. మామ చిన్న వయసులోనే పోతే, బాయి గేటు దగ్గర గంప పెట్టుకుని ఉడికించిన శనగ గుడాలు, జొన్నరొట్టెలు అమ్మి ఇద్దరినీ పెంచింది. మూడు షిఫ్టుల జనమూ ఆమె దగ్గర తిన్నవాళ్లే. ఎవరి తండ్రి ఎవరో, ఎవరి బిడ్డ ఏ సమ్మెకాలంలో పుట్టిందో, ఎవరికి పచ్చిమిరపకాయ పడదో, అన్నీ ఆమెకు గుర్తే. మధ్యాహ్నం దగ్గరి ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పేల్చే బ్లాస్టింగ్ జరిగితే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఆ వేళకు ముందే ఆమె లేచి స్టీలు గ్లాసులు వెనక్కి జరిపి పెట్టేది. ఎట్లా తెలుస్తుందని అడిగితే నవ్వేది.

కానీ రాత్రి పడుకునేది కాదు. ఏళ్ల తరబడి షిఫ్టుల వెంట మేల్కొన్న మనిషికి ముసలితనంలో నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? అర్ధరాత్రి లేచి గిన్నెలు తోమేది. తలుపు తీసి, రెండో షిఫ్టు వాళ్లు ఇళ్లు చేరారా లేదా అని రోడ్డు మీద నిలబడి చూసేది. పక్క క్వార్టరు వాళ్లు ఒకటి రెండుసార్లు అన్నారు, ముసలామెను బయటికి వదలొద్దని. మా ఆయన నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు నాకు గుబులుగా ఉండేది. నేను మాత్ర వేసుకుని పడుకుంటే ఆమెను ఎవరు చూడాలి? వేసుకోకపోతే నా గతేంది?

ఈ ప్రశ్నకు మంచి జవాబు ఒకటి ఉండింది. ఆమెను డాక్టరుకు చూపించడం. ఇంకోటి కూడా ఉండింది. నా మాత్రల సంగతి మా ఆయనకు చెప్పడం. నేను మూడోది ఎంచుకున్నాను.

మొదటిరోజు సగం మాత్ర నలిపి పాలలో కలిపి, చక్కెర ఎక్కువ వేశాను. ఇవాళ ఒక్కరోజే, అనుకున్నాను. చేతులు వణకలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. కూరలో ఉప్పు వేసినంత మామూలుగా కలిపాను. ఆమె పొద్దెక్కేదాకా పడుకుంది. లేచి నా దగ్గరికి వచ్చి, ఎన్నేళ్లకో ఇంత మంచి నిద్ర పట్టిందని, నా చేతి పాలు మంచివని, నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు చూసి నేను చేసింది మంచిపనే అనుకున్నాను. మరునాడు మళ్లీ కలిపాను. ఆ తర్వాత అది రోజూ చేసే పనుల్లో ఒకటైపోయింది. సాయంత్రం దుకాణానికి పోయేముందు పాలు కాచి, ఆమె గ్లాసులో పోసి, కలిపి, మూత పెట్టి పోయేదాన్ని. ఇంట్లో ఎవరుంటే వాళ్లు ఇచ్చేవాళ్లు. మా ఆయన ఇచ్చేవాడు. ఒక్కోసారి పాప ఇచ్చేది.

పాప చేత కూడా ఇప్పించాను. ఈ మాట రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

రెండు నెలలు తిరిగేసరికి సగం చాలలేదు. ఒకటి చేశాను. అక్కడి నుంచి ఆమె మారడం మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకునేది. పగలు కూడా మగతగా ఉండేది. తింటూ తింటూ కంచం మీదికి ఒరిగిపోయేది. కొడుకును పట్టుకుని చచ్చిపోయిన మామ పేరుతో పిలిచింది. పక్క తడిపింది. బ్లాస్టింగుకు గిన్నెలు కదిలినా కళ్లు తెరవలేదు. నేను గ్లాసులు వెనక్కి జరుపుతూ ఆమెను చూసేదాన్ని. నాకు తెలుసా, తెలియదా? నిజం చెప్పాలంటే, తెలుసుకోవాలని అనుకోలేదు. వయసు మీద పడుతోంది కదా, అనుకున్నాను. మధ్యలో ఒకసారి నాకే అనుమానం వచ్చి మానేశాను. ఆ రెండు రోజులు ఆమె వణుకుతూ, ఏడుస్తూ, గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరిచింది. మాత్ర లేకపోతేనే ఇట్లా ఉంది, అనుకుని మళ్లీ మొదలుపెట్టాను. నా ఒంటి మీద జరిగింది నా కళ్ల ముందు ఇంకో ఒంటి మీద జరుగుతుంటే కూడా గుర్తుపట్టలేదు.

అప్పుడే ఆమె ఆ మాట అనడం మొదలుపెట్టింది. పాలు చేదుగా ఉన్నాయని. కోడలు ఏదో కలుపుతోందని.

మొదట నాతోనే అంది. పాలు మాడాయేమో అన్నాను. తర్వాత కొడుకుతో అంది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరితో అంది. కూరగాయలామెతో, పక్కింటివాళ్లతో, శ్రీరాంపూర్ నుంచి చూడవచ్చిన పెద్దకొడుకుతో. ఇక దొరికిపోయాననుకున్నాను. కానీ జరిగిందేమిటో తెలుసా? ఎవరూ నమ్మలేదు. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. ముసలివాళ్లకు మతి చెడితే ముందు కోడలి మీదే అనుమానం వస్తుందని మా తోడికోడలు నన్ను ఓదార్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, బాధపడకు చెల్లె, అంది. నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ కన్నీళ్లు నిజమైనవే. దేనికోసం వచ్చాయో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క పూర్తి నిజం, ఆమెకు మతి లేదనడానికి సాక్ష్యమైపోయింది.

దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఓపికగా చూశాడు. ఇవాళ ఏ వారం, మీ ఊరేది, కొడుకులెందరు అని ఆమెను అడిగాడు. ఆమె సగం చెప్పింది, సగం చెప్పలేక నా వైపు చూసింది. తర్వాత ఆయన నన్ను అడిగాడు, వేరే ఏమైనా మందులు వాడుతోందా అని. నేను మందుల దుకాణంలో పనిచేస్తానని మా ఆయన అప్పటికే గర్వంగా చెప్పి ఉన్నాడు కాబట్టి నన్నే అడిగాడు. బీపీ గోలీ ఒక్కటే, అన్నాను.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. తప్పించుకోవడానికి కాదు, తప్పు దిద్దుకోవడానికి తలుపు తెరిచి పెట్టినట్టు అడిగాడు ఆయన. ఒక్క మాట చెబితే చాలు. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. నేను చెప్పలేదు. వయసుతో వచ్చే మతిమరుపు కావచ్చని, కొన్నాళ్లు చూద్దామని డాక్టరు అన్నాడు. తెలిసినదాన్ని బట్టి ఆయన చెప్పాడు. ఆయనకు తెలియనిది నా నోట్లో ఉండిపోయింది.

ఆ తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. ఒకరోజు పొద్దున నేను పాపకు జడ వేస్తున్నాను. స్నానాల గది గడప దగ్గర పెద్ద శబ్దం వచ్చింది. పరుగెత్తి చూస్తే ఆమె ఒక పక్కకు పడి ఉంది, కాలు వంకరగా తిరిగి ఉంది. అరవలేదు. ఏమైందో కూడా తెలియనట్టు నన్ను చూసింది. ఇంకా రాత్రి మత్తులోనే ఉంది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అన్నారు. కరీంనగర్ తీసుకుపోయాం. అక్కడ కూడా అడిగారు ఏమేం మందులు వేసుకుంటుందని. బీపీ గోలీ ఒక్కటే అని ఈసారి మా ఆయనే చెప్పాడు. నేను చెప్పింది నమ్మి చెప్పాడు. మత్తుమందు ఇచ్చేవాళ్లకు నిద్రమాత్రల సంగతి తెలియకపోవడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. తెలిసీ ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్నాను.

ఆమె బతికింది. పాప బడి ఉంది కాబట్టి నేను ఇంటికి వచ్చేశాను, తోడికోడలు ఆమె దగ్గర ఉండిపోయింది. మొదటి మూడు నాలుగు రోజులు ఆమె ఒకటే అరుపులట. చేతికున్న సెలైన్ సూది పీకేసుకుందట. పెద్ద ఆపరేషన్ అయిన ముసలివాళ్లు ఒక్కోసారి అట్లా చేస్తారని నర్సులు చెప్పారట. ఫోన్లో వింటూ నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అది ఆపరేషన్ వల్ల కాదని నాకు తెలుసు. పాలు ఆగిపోయాయి.

రెండు వారాల తర్వాత తోడికోడలికి పని పడి, నన్ను రమ్మన్నారు. మధ్యాహ్నం వేళ వార్డులోకి పోయాను. తలుపు దగ్గర నిలబడిపోయాను.

అత్తమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. పక్క మంచం ఆమె వాళ్లది ఏ ఊరో, ఎవరి ఇంటి పిల్లో అప్పటికే కనుక్కుంది. నన్ను చూడగానే, పాప పరీక్షలు అయిపోయినయా అని అడిగింది. తన తమ్ముడి కూతురి పెళ్లి ఎప్పుడని అడిగింది. మా ఆయనకు ఈ వారం ఏ షిఫ్టో లెక్కవేసి తనే చెప్పింది. తప్పు లేదు. ఆమె కళ్లు, ఎన్నో నెలలుగా నేను చూడని కళ్లు, తేటగా ఉన్నాయి. మా అత్తమ్మ తిరిగి వచ్చింది. ఆమె ఎక్కడికీ పోలేదు. నేనే ఆమెను రోజూ సాయంత్రం ఒక గ్లాసుతో ఎక్కడికో పంపించాను.

నా చేతిలోని క్యారియర్ జారిపోయింది. అన్నమంతా నేల మీద పడింది. ఆయా తిట్టుకుంటూ వచ్చి ఊడ్చింది. నేను అట్లాగే నిలబడ్డాను. అంతవరకు నాకు అనుమానం ఉండేది, భయం ఉండేది, నేను వాటి మీద మూత పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు మూత పెట్టడానికి ఏమీ లేదు. అంతా నేనే. ఆ తడబాటు నేను, ఆ తడిసిన పక్క నేను, విరిగిన ఎముక నేను. ఒక మనిషి బుద్ధిని తీసేయడం ఇంత తేలికా?

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయా ఇచ్చిన పాల గ్లాసు సగం తాగి పక్కన పెట్టింది.

"బిడ్డ, ఈడ పాలు చేదు లేవు," అంది.

నేను ఆ గ్లాసును ఇంకాస్త పక్కకు జరిపాను.

"ఒక మాట అడుగుత, నిజం చెప్తవా?"

"అడుగు అత్తమ్మ."

"నాకు నిజంగనే మతి తప్పిందా? అందరు గట్లనే అంటున్నరు. కొడుకును పట్టుకొని మీ మామ పేరుతోని పిల్సిననంట. పక్కల పోసుకున్ననంట. నాకైతే యాదికి లేదు. నువ్వైతే నాతోనే ఉన్నవ్. మందుల దుకాణంల చేస్తవ్, నీకెరుక ఉంటది. నువ్వు చెప్తె నమ్ముత."

వార్డులో ఫ్యాన్ తిరుగుతోంది. పక్క మంచం ఆమె పడుకుని ఉంది. ఎవరూ వినడం లేదు. ఆమె నన్ను తిట్టడం లేదు, నిలదీయడం లేదు. తన మతి తనదేనా కాదా అని నన్ను అడుగుతోంది. నేను ఏది చెబితే అది నమ్ముతానంటోంది.

"అవును అత్తమ్మ," అన్నాను. "కొన్ని రోజులు తప్పింది. ఇప్పుడు మంచిగైంది."

ఆమె కప్పుకున్న దుప్పటి అంచు సరిచేసుకుంది. తర్వాత నా చెయ్యి తీసుకుంది.

"మరి నీ మీద నింద ఏసిన గద బిడ్డ. పాలల్ల ఏమో కలుపుతున్నవని ఇంటింటికి చెప్పిన. మతి లేక అన్న. మనసుల పెట్టుకోకు."

"పెట్టుకోను అత్తమ్మ," అన్నాను.

అంటే నేను ఆమెను క్షమించాను. మీకు అర్థమవుతోందా? నేను ఆమెను క్షమించాను. పాలల్లో మందు కలిపింది నా మొదటి తప్పు. డాక్టరు దగ్గర అబద్ధం చెప్పింది రెండోది. కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఈ మూడోది. ఆమె పట్టుకుని ఉన్న ఒక్క నిజాన్ని కూడా ఆమె చేతిలోంచి లాగేసుకున్నాను, పైగా ఆమె చేత క్షమాపణ చెప్పించుకున్నాను.

ఇంటికి తెచ్చాం. ఆమె మళ్లీ లేచి నడవలేదు. మంచంలోనే ఉండి, వీపు పుళ్లు పడి, చలికాలంలో దగ్గు ఊపిరితిత్తులకు ఎక్కి చనిపోయింది. ఆ నెలలన్నీ ఆమెకు తలలో మబ్బు లేదు. అన్నీ గుర్తున్నాయి. ఒంటి మీద పుండ్లన్నీ తెలిశాయి. నేను కడిగాను, తుడిచాను, తినిపించాను. రాత్రుళ్లు కూర్చున్నాను. జనం చూసిన సేవ అదే, వాళ్లు ఇప్పటికీ చెప్పుకునేది అదే. ఎన్నోసార్లు చెబుదామని నోరు తెరిచాను. నీళ్లు కావాలా అని అడగబోతున్నాననుకుని ఆమె, వద్దు బిడ్డ, అనేది. దినాల రోజు ఆడవాళ్లంతా, ఇట్లాంటి కోడలు అందరికీ దొరకదన్నారు. తల వంచుకున్నాను. అది వినయం అనుకున్నారు.

కొన్నాళ్లు దుకాణానికి పోయాను. ఒకరోజు నా వయసే ఉన్న ఒకామె వచ్చి, మా అవ్వ రాత్రిపూట పండుకుంటలేదు, ఏమన్న గోలీ ఉంటే ఇయ్యమని అడిగింది. అలసిపోయి ఉంది. కళ్ల కింద నలుపు. నన్ను నేను అద్దంలో చూసినట్టు అనిపించింది. చీటీ లేకుండా ఇవ్వను, ముందు ఆమెను డాక్టరుకు చూపించమన్నాను. ఎక్కడలేని రూల్సు నీకే ఉన్నయా అని తిట్టుకుంటూ వెళ్లిపోయింది. ఇంకో దుకాణంలో దొరికే ఉంటుంది. ఆ నెల చివర పని మానేశాను. నా మాత్ర మాత్రం మానలేకపోయాను, చీటీ అడగని దుకాణాల్లో కొనుక్కున్నాను. అదెంత దరిద్రమో చూడండి. ఆమెను ముంచిన మాత్రనే రోజూ నోట్లో వేసుకుని పడుకున్నాను.

ఇంతకాలం దాచినదాన్ని ఇప్పుడెందుకు చెబుతున్నాను? మా ఆయన వల్ల.

ఆయనకు యాభై దాటింది. ఈమధ్య కళ్లద్దాలు ఎక్కడ పెట్టాడో మరిచిపోయినా, పాత దోస్తు పేరు చప్పున గుర్తుకు రాకపోయినా ముఖం పాలిపోతోంది. మా అవ్వకు వచ్చిందే నాకు మొదలైంది, అని తల్లిని తలుచుకుంటాడు. మొదట నవ్వేదాన్ని. తర్వాత గమనించాను, ఆయన తనను తాను పరీక్ష పెట్టుకుంటున్నాడు. ఒంటరిగా కూర్చుని తనతో పనిచేసినవాళ్ల పేర్లు వరసగా చెప్పుకుంటున్నాడు. హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న పాపకు ఫోన్ చేసి, నీకు కూడా వస్తదేమో బిడ్డ, మన రక్తంలనే ఉంది, అన్నాడు. ఆ ఫికరుతో ఆయనకు నిద్ర పోయింది. పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, నువ్వు వేసుకునే నిద్రగోలీ ఒకటి నాక్కూడా ఇయ్యమన్నాడు. ఆ గోలీల సంగతి ఆయనకు తెలుసనే నాకు తెలియదు.

చెయ్యి చాచి నిలబడ్డాడు. నాలోంచి ఇంకెవరో మాట్లాడినట్టు, మొత్తం చెప్పేశాను. సగం మాత్ర నుంచి దవాఖాన మంచం దాకా. ఆమె అడిగిన మాట, నేను చెప్పిన జవాబు, ఆమె చెప్పుకున్న క్షమాపణ, ఏదీ దాచలేదు. ఆయన తలుపు చెక్క పట్టుకుని విన్నాడు. అరుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆయన నేల వైపు చూస్తూ అన్నాడు:

"ఒకనాడు నువ్వు పాలు మూతపెట్టి దుకాణంకు పోయినవ్. నేను ఇయ్యవోతే వద్దన్నది. చేదున్నయ్, నీ పెండ్లం ఏమో కలుపుతుంది అన్నది. చెంప మీద కొట్టిన. అవ్వను. అన్నం పెట్టి పెంచినదాన్ని. అప్పుడు గ్లాసు తీస్కొని మాట్లాడకుంట మొత్తం తాగింది."

ఈ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లు నా ఒక్కదాని దగ్గరే గుట్టు ఉందనుకున్నాను. ఆయన దగ్గర కూడా ఒకటి ఉండింది, అదీ నేను పెట్టిందే. ఆయన నన్ను దాటుకుని బయటికి పోయాడు.

ఆ రోజు నుంచి ఆయన నా చేతి నీళ్లు తాగడం లేదు. చాయ్ తనే పెట్టుకుంటున్నాడు. డ్యూటీకి పోయేముందు సీసా తనే కడిగి, తనే నింపుకుంటున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. క్షమించమని నేను అడగలేదు, ఏ ముఖంతో అడగాలి? కరీంనగర్ పోయి డాక్టరుకు నా మాత్రల సంగతి మొదటి నుంచి చెప్పాను. ఒక్కసారిగా మానొద్దని, మెల్లమెల్లగా తగ్గిద్దామని, వారం వారం రమ్మని చెప్పాడు. పోతున్నాను. నిద్ర సరిగా లేదు. ఉండకూడదు కూడా, అనిపిస్తుంది.

నిన్న సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని శ్రీరాంపూర్‌కు ఫోన్ చేశాడు. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కడగడం ఆపాను. ఆయన గొంతు మామూలుగానే ఉంది, బాయిలో ఏదో జరిగిన సంగతి చెప్పినట్టు.

"అన్న, అవ్వ మంచిగనే ఉండెనే. మనమే ఇనలె," అన్నాడు.

అవతల వాళ్ల అన్న ఏమన్నాడో నాకు వినపడలేదు. ఎట్ల, ఏంది అని అడిగి ఉంటాడు. మా ఆయన నా పేరు చెప్పాడు. చెప్పి, జరిగింది జరిగినట్టు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. నేను తలుపు వేసుకోలేదు. అక్కడే నిలబడి, చివరిదాకా విన్నాను.